తప్పుల జాబితాకు బదులు నాలుగు పరిస్థితులు: ఒక తొలి ఫ్రంట్-ఎండ్ ప్రాజెక్టుపై ఫీడ్‌బ్యాక్

కొత్తగా వెబ్ నేర్చుకుంటున్నవాళ్ల ప్రాజెక్టులు చూసి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం నా పనిలో భాగం. వాటిలో ఈ ఒక్కదాన్నీ పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఇందులోని లోపాలు దాదాపు ప్రతి తొలి ప్రాజెక్టులోనూ కనిపించేవే. కానీ అవన్నీ ఒకే మూలం నుంచి పుట్టాయని ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు. రాసినవారి అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు వదిలేసి రాస్తున్నాను.

ప్రాజెక్టు చదివిన పుస్తకాల చిట్టా. పైన ఒక ఫారం: పుస్తకం పేరు, రచయిత, చిన్న నోట్. కింద కార్డుల వరుస. ఒక్కో కార్డు మీద ‘పూర్తయింది’, ‘తొలగించు’ అనే రెండు బటన్లు. మధ్యలో అన్నీ, చదువుతున్నవి, పూర్తయినవి అని వడపోతలు. డేటా లోకల్ స్టోరేజ్‌లో, అంటే బ్రౌజర్‌లోనే, దాచి ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్ (ముందే కట్టి ఉంచిన కోడ్ చట్రం) ఏదీ వాడలేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌కు తలా ఒక ఫైలు.

ప్రాజెక్టు రాసినామె అడిగింది ఒక్క వాక్యం: “కోడ్ ఎలా ఉందో చూసి చెప్తారా అండీ?”

ఇలా అడిగితే సూటిగా జవాబు చెప్పడం కుదరదు. ‘బాగుంది’ అంటే వాళ్లకు ఒరిగేదేమీ లేదు, కంటబడిన ప్రతి లోపమూ రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ప్రాజెక్టే పక్కన పెట్టేస్తారు. అందుకని ముందు రెండు విషయాలు అడిగాను. ఇందులో మీకు బాగా వచ్చిందనిపించిన భాగం ఏది? రాస్తున్నప్పుడు మీకే నమ్మకం కుదరని చోటు ఏది?

జవాబు ఇలా వచ్చింది: “జాబితాని గీసే రెండర్ ఫంక్షన్ బాగా కుదిరిందనుకుంటున్నాను. మొబైల్ సైజుల దగ్గరే తేలట్లేదండీ. ఒక ఫోన్‌కి సరిచేస్తే ఇంకో ఫోన్‌లో చెదిరిపోతోంది. ఇంకా ఎన్ని మీడియా క్వెరీలు పెట్టాలి?”

ఆ చివరి ప్రశ్నతోనే నాకు సగం సంగతి అర్థమైంది. మీడియా క్వెరీ అంటే ఫలానా తెర వెడల్పుకు ఫలానా కొలతలు వాడమనే సీఎస్ఎస్ నియమం. ‘ఎన్ని’ అని అడుగుతున్నారంటే, ప్రతి తెరకూ విడిగా కొలతలు రాసుకుంటూ పోవడమే పద్ధతి అనుకుంటున్నారన్నమాట.

కోడ్ తెరవకముందు

ముందు పేజీని వాడి చూస్తాను, కోడ్ తర్వాతే. కోడ్‌తో మొదలుపెడితే దృష్టి వేరియబుల్ పేర్ల మీదికీ ఇండెంటేషన్ మీదికీ పోతుంది. పేజీ వాడేవాళ్లకు వాటితో పని లేదు.

ఒక పొడవాటి పుస్తకం పేరు చేర్చాను. పేరు మూడు వరుసలు పట్టేసరికి కార్డులో నోట్ సగం తెగిపోయింది, బటన్లు కనబడకుండా పోయాయి. ఆ పుస్తకాన్ని తొలగించాలన్నా ఇక దారి లేదు.

ప్రైవేట్ విండోలో తెరిచాను. హెడర్, ఫారం వచ్చాయి. వడపోతలు నొక్కితే చలనం లేదు, పుస్తకం చేర్చబోయినా చేరలేదు. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్ర గీత.

మౌస్ వదిలి ట్యాబ్ కీతో నడిచాను. ఫారంలోని మూడు గడులూ దాటగానే ఫోకస్ (కీబోర్డు ప్రస్తుతం దేని మీద ఉందో ఆ గుర్తు) నేరుగా బ్రౌజర్ పైపట్టీకి వెళ్లిపోయింది. పుస్తకం చేర్చే బటనూ వడపోతలూ కార్డుల మీది బటన్లూ కీబోర్డుకు లేనట్టే.

విండో వెడల్పు 320 పిక్సెళ్లకు తగ్గించాను. జాబితా ఫారం మీదికెక్కి కూర్చుంది. కార్డు కుడి అంచు తెర బయటికి పోయింది, పక్కకు జరిపి చూద్దామంటే స్క్రోల్ లేదు. 320 ఎందుకంటే, వెబ్ యాక్సెసిబిలిటీ (పేజీని అందరూ వాడగలగడం) మార్గదర్శకాలు 2018లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి పేజీ ఆ వెడల్పులో అడ్డంగా జరపనక్కర్లేకుండా చదవగలిగేలా ఉండాలంటున్నాయి. 1280 పిక్సెళ్ల తెరను 400 శాతం జూమ్ చేసి చదివే మనిషికి మిగిలేది సరిగ్గా అంత వెడల్పే.

ఆమె లైట్‌హౌస్ (పేజీని తనంతట తాను పరీక్షించి స్కోర్లు ఇచ్చే పరికరం) రిపోర్టు కూడా జత చేశారు. యాక్సెసిబిలిటీ స్కోరు బాగానే ఉంది. అది పట్టుకున్నది కాంట్రాస్ట్ (అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) ఒక్కటే: తెల్లని నేపథ్యం మీద #999 అనే కోడ్ ఉన్న బూడిద రంగులో అక్షరాలు. ఆ జంట నిష్పత్తి సుమారు 2.85, మామూలు సైజు అక్షరాలకు కావాల్సింది 4.5. మౌస్ లేకపోతే ఈ పేజీతో ఏ పనీ కాదన్న సంగతి మాత్రం రిపోర్టుకు తెలియలేదు. కొన్నిటిని మనిషే సరిచూసుకోవాలని ఆ రిపోర్టు కిందే ఒక విభాగం ఉంటుంది. కొత్తవాళ్లలో చాలామంది దాన్ని తెరవరు, స్కోరు పచ్చగా ఉంటే పని అయిపోయిందనుకుంటారు.

కోడ్‌లో కనిపించినవి

ముందు మంచి సంగతి. రెండర్ ఫంక్షన్ గురించి ఆమె అనుకున్నది నిజమే. పుస్తకాలన్నీ ఒక అర్రేలో (డేటాను వరుసగా ఉంచే నిర్మాణంలో) ఉన్నాయి. ఏ మార్పైనా ముందు అర్రేలో జరుగుతుంది, ఆ తర్వాత అర్రేని చూసి జాబితా మొత్తం మళ్లీ గీయబడుతుంది. తొలి ప్రాజెక్టుల్లో ఎక్కువమంది తెర మీదున్న ఎలిమెంట్లనే డేటాగా వాడుకుంటారు. కార్డు మీది అక్షరాలు చదివి, అందులోంచి పుస్తకం పూర్తయిందో లేదో తేల్చుకుంటారు. అలా రాస్తే ఒక వడపోత చేర్చగానే అంతా చిక్కుపడిపోతుంది. ఆమె వడపోతలు అంత సులువుగా పనిచేయడానికి కారణం ఈ విడదీతే. ఈ సంగతి ఆమెకు కారణంతో సహా చెప్పాలని అప్పుడే అనుకున్నాను. ఎందుకు బాగుందో తెలియకపోతే, తర్వాతి ప్రాజెక్టులో దాన్ని తెలియకుండానే వదిలేసే ప్రమాదం ఉంది.

ఇక లేఅవుట్. కార్డు ఎత్తు 180 పిక్సెళ్లు, మించినది కనిపించకుండా ఓవర్‌ఫ్లో హిడెన్. జాబితాకు పొజిషన్ యాబ్సల్యూట్ (మిగతావాటితో సంబంధం లేకుండా చెప్పిన చోట పెట్టేది) ఇచ్చి, టాప్ విలువతో ఫారం కిందికి నెట్టారు. మీడియా క్వెరీలు 360, 375, 390, 412, 768 దగ్గర ఉన్నాయి, అంటే రకరకాల ఫోన్ల సైజుల్లో పేజీని చూపించే బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో ఎంచుకున్న ప్రతి ఫోన్‌కూ ఒకటి. వాటిని వరుసగా చదివితే ప్రతిదాంట్లోనూ ముఖ్యంగా మారుతున్నది ఆ టాప్ విలువే. తెర ఇరుకైనకొద్దీ ఫారం పొడవు పెరుగుతుంది, కాబట్టి జాబితాను మరికాస్త కిందికి తోయాలి. ఒక ఫోన్‌కు సరిపోయిన అంకె ఇంకో ఫోన్‌కు ఎందుకు సరిపోవట్లేదో దీంతో తేలిపోయింది.

హెడర్ వెడల్పు 100 వీడబ్ల్యూ, అంటే విండో మొత్తం వెడల్పు. నిలువు స్క్రోల్‌బార్ చోటు ఆక్రమించే కంప్యూటర్లలో ఆ కొలత కనిపించే వెడల్పు కన్నా కాస్త ఎక్కువవుతుంది, దాంతో అడ్డ స్క్రోల్ వస్తుంది. ఆమెకూ వచ్చినట్టుంది. బాడీకి అడ్డంగా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి దాన్ని మాయం చేశారు. ఇరుకు తెరలో తప్పిపోయిన కార్డు అంచును ఎవరూ జరిపి చూడలేకపోవడానికి కారణం ఆ ఒక్క వరుసే.

జావాస్క్రిప్ట్‌లో ప్రైవేట్ విండో సమస్య వెంటనే దొరికింది. లోకల్ స్టోరేజ్‌లో ఇంతకుముందు ఏదీ దాచకపోతే అది ఇచ్చేది నల్, అంటే ‘ఏమీ లేదు’. దాచిన అక్షరాలను తిరిగి డేటాగా మార్చే జేసన్ పార్స్‌కు నల్ ఇస్తే నల్లే తిరిగొస్తుంది, దాని మీద, అర్రేలోని ఒక్కోదాన్నీ వరుసగా తీసుకునే ఫర్‌ఈచ్ పిలవగానే ఎర్రర్, అక్కడితో స్క్రిప్టు ఆగిపోతుంది. ఆమె బ్రౌజర్‌లో మొదటి రోజుల నుంచీ ఏదో ఒక పుస్తకం ఉంటూనే ఉంది. కాబట్టి ఈ ఎర్రర్ ఆమె కంట పడే అవకాశమే లేదు.

బటన్లన్నీ డివ్‌లు, అంటే తమకంటూ ఏ పనీ లేని మామూలు పెట్టెలు. ఫారం గడులకు లేబుళ్లు లేవు, గడి లోపల లేతగా కనిపించే ప్లేస్‌హోల్డర్లతో సరిపెట్టారు. పేజీ వాడేవాళ్లు టైప్ చేసిన పేరును ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో (ఇచ్చినదాన్ని హెచ్‌టీఎంఎల్‌గానే పేజీలో పెట్టేదాంట్లో) నేరుగా అతికిస్తున్నారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. 180 పిక్సెళ్ల ఎత్తు ఆమె రాసుకున్న చిన్న చిన్న పేర్లకు సరిపోతుంది. టాప్ విలువ ఆమె చూసిన ఫోన్లకు సరిపోతుంది. డివ్ బటన్ ఆమె మౌస్‌కు సరిపోతుంది. లోకల్ స్టోరేజ్ ఆమె బ్రౌజర్‌లో ఎప్పుడూ నిండుగానే ఉంది. పేరు గడిలో ఆమె ఎప్పుడూ పుస్తకం పేరే టైప్ చేశారు. ఆమె దృష్టిలో పేజీ అంటే తన తెర మీద ఆ క్షణాన కనిపిస్తున్నది. సీఎస్ఎస్ రాదనో జావాస్క్రిప్ట్ రాదనో అనలేం, రెండూ బాగానే వచ్చు. తనది కాని తెరా తనది కాని చేయీ తనది కాని డేటా ఆమెకింకా ఎదురుకాలేదు, అంతే.

ఏం రాసి పంపాను

ఈ సంగతిని సిద్ధాంతంలా చెప్తే ‘అవును, నిజమే’ అని తలూపుతారు, కోడ్ మారదు. అందుకే తప్పుల పేర్లు చెప్పకుండా, అవి బయటపడే పరిస్థితులు చెప్పాలని నిర్ణయించుకున్నాను. పంపిన సందేశంలో ముఖ్య భాగం ఇది:

“డేటాని అర్రేలో ఉంచి, జాబితాని దాన్నుంచే గీస్తున్నారు. చాలా మంచి నిర్ణయం. వడపోతలు అంత చిన్న కోడ్‌తో అయిపోవడానికి అదే కారణం, తర్వాతి ప్రాజెక్టుల్లోనూ ఇలాగే చేయండి. ఇప్పుడు ఈ నాలుగూ ప్రయత్నించి, ఒక్కోచోట ఏం జరిగిందో రాసి పంపండి. సరిచేయడం తర్వాత. ఒకటి: మూడు వరుసలు పట్టే పేరున్న పుస్తకం ఒకటి, మధ్యలో ఖాళీ లేని బాగా పొడవైన పదమే పేరుగా ఇంకోటి చేర్చండి. రెండు: ప్రైవేట్ విండోలో తెరవండి. మూడు: మౌస్ ముట్టుకోకుండా ఒక పుస్తకం చేర్చి, పూర్తయిందని గుర్తుపెట్టి, తొలగించండి. నాలుగు: విండోని 320 దాకా నెమ్మదిగా లాగుతూ, ఏ వెడల్పు దగ్గర మొదట చెదిరిందో చూడండి. ఫోన్ పేర్లు ఎంచుకోకుండా చేత్తోనే లాగండి.”

ఒక్కటి మాత్రం సూటిగా చెప్పాను, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ సంగతి. “పుస్తకం పేరులో కోణపు బ్రాకెట్ల మధ్య ఒక హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ ఉంటే పేజీ దాన్ని అక్షరాలుగా చూపించకుండా ట్యాగ్‌గా తీసుకుంటుంది. ఇలా అతికించిన స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు గానీ, ఇమేజ్ ట్యాగ్‌లో ఆన్‌ఎర్రర్ పెడితే అందులోని కోడ్ నడుస్తుంది. ఇప్పుడు డేటా మీ ఒక్కరిదే కాబట్టి ముప్పు తక్కువ. రేపు ఇదే కోడ్‌తో ఇంకొకరు రాసింది చూపిస్తే వాళ్ల కోడ్ మీ పేజీలో నడుస్తుంది. ఎలిమెంట్ తయారుచేసి, పేరుని, వట్టి అక్షరాలుగానే చూపించే టెక్స్ట్‌కంటెంట్‌తో పెట్టండి.” భద్రత విషయంలో ‘మీరే కనుక్కోండి’ అనడం సరికాదు. తెలిసినవాళ్లు నేరుగా చెప్పాలి.

రాయకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. బాక్స్1, బాక్స్2 లాంటి క్లాస్ పేర్లు, అక్కడక్కడ జావాస్క్రిప్ట్‌లో పాత పద్ధతి వార్, సీఎస్ఎస్‌లో ఇంపార్టెంట్‌లు, వంకరపోయిన ఇండెంటేషన్. ఇండెంటేషన్‌ను ఫార్మాటర్ చూసుకుంటుంది. క్లాస్ పేర్ల విషయంలో కాసేపు ఆలోచించాను, ఎందుకంటే సీఎస్ఎస్ పెరిగేకొద్దీ అవి నిజంగానే ఇబ్బంది పెడతాయి. అయినా ఆగాను. పేజీ వాడేవాళ్లను అడ్డుకునే లోపాలు ఇన్ని ఉండగా పేర్ల గురించి రాస్తే, సులువుగా సరిచేయగలిగేది అదే కాబట్టి ఆమె సమయమంతా దానికే పోతుంది. కొత్తవాళ్లు ఫీడ్‌బ్యాక్‌లో తేలికైనదాన్నే ముందు పట్టుకుంటారు. అది సహజం. అందుకే ఏది రాయకూడదో తేల్చుకోవడం, రాసేవాళ్ల పనిలో కష్టమైన భాగం.

ఆమె చేసిన మార్పులు

పరీక్షల ఫలితాలు వరుసగా రాసి పంపారు. నల్ సమస్యకు కారణం కన్సోల్ చూసి తనే కనుక్కున్నారు, నల్ వస్తే ఖాళీ అర్రే తీసుకునేలా సరిచేశారు. ఆ వెంటనే మరో సంగతి గమనించారు: జాబితా ఖాళీగా ఉంటే పేజీ బోసిగా, ఏదో లోడ్ కానట్టు కనిపిస్తోంది. “ఇంకా పుస్తకాలేవీ చేర్చలేదు” అన్న వాక్యం పెట్టారు. వడపోతలో ఏమీ దొరకనప్పుడు వేరే వాక్యం. ఇది నేను అడగలేదు.

లేఅవుట్ దగ్గర ఎక్కువ మాటలు నడిచాయి. కార్డుల ఎత్తు తీసేయగానే మొదటి పరీక్ష చాలావరకు తేలిపోయింది. ఖాళీ లేని పొడవు పదానికి మాత్రం, దాన్ని ఎక్కడైనా విరిచేలా, ఓవర్‌ఫ్లో-ర్యాప్‌ను ఎనీవేర్‌గా పెట్టాల్సి వచ్చింది. జాబితా దగ్గర చిక్కుకుపోయారు: “యాబ్సల్యూట్ తీసేస్తే జాబితా దానంతట అదే ఫారం కిందికి వస్తోంది. కానీ ఇప్పుడు ఫారం పైభాగం హెడర్ వెనక్కి పోతోంది.”

అక్కడ దొరికింది అసలు మొదలు. హెడర్‌కు పొజిషన్ ఫిక్స్‌డ్ ఉంది. ఫిక్స్‌డ్ ఎలిమెంట్ పేజీ ప్రవాహంలో, అంటే ఎలిమెంట్లు ఒకదాని కింద ఒకటి పేర్చుకునే వరుసలో, చోటు తీసుకోదు, కాబట్టి మొదట్లో ఫారం దాని వెనక్కి పోయింది. దాన్ని కిందికి తేవడానికి ఫారానికి యాబ్సల్యూట్ పెట్టారు. ఫారం కూడా ప్రవాహంలోంచి తప్పుకునేసరికి జాబితా పైకొచ్చి దానికింద దాక్కుంది. జాబితాకూ యాబ్సల్యూట్. ఆపైన ఫోన్‌కొక టాప్ విలువ. ఒక గోడ కాస్త ఒరిగితే దానికి ఊతకర్ర, ఆ కర్ర జారకుండా ఇంకో కర్ర పెట్టుకుంటూ పోయినట్టు అయింది. ఇందులో ప్రతి అడుగూ ఆ క్షణానికి సరైనదిగానే కనిపించింది, ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు.

“హెడర్ ఎప్పుడూ పైన అతుక్కుని ఉండాల్సిన అవసరం ఏముంది?” అని అడిగాను. అందులో ఉన్నది పేజీ పేరొక్కటే. కాసేపటికి జవాబు: “అవసరం లేదండీ. ట్యుటోరియల్‌లో అలా ఉందని పెట్టాను.” ఫిక్స్‌డ్ తీసేశారు. ఒకవేళ అవసరమే అయితే పొజిషన్ స్టికీ ఉందనీ, అది ప్రవాహంలో తన చోటు ఉంచుకుంటుందనీ చెప్పాను. ఆమె వద్దనుకున్నారు, నాకూ అదే సరైనదనిపించింది.

కార్డులకు గ్రిడ్ (అడ్డు, నిలువు వరుసల్లో పేర్చే సీఎస్ఎస్ పద్ధతి) సూచించాను. “గ్రిడ్ అంటే మొత్తం మొదటి నుంచి రాయాలా?” అని భయపడ్డారు. రాయాల్సింది జాబితా ఎలిమెంట్ మీద మూడు వరుసలు: డిస్‌ప్లే గ్రిడ్, నిలువు వరుసలకు ఆటో-ఫిల్‌తో మిన్‌మ్యాక్స్, మధ్య ఖాళీకి గ్యాప్. కార్డు వెడల్పు కనిష్ఠం 16 రెమ్ (అక్షర సైజును బట్టి మారే కొలత), గరిష్ఠం 1 ఎఫ్ఆర్ (ఉన్న చోటులో ఒక వాటా). డిఫాల్ట్ అక్షర సైజు దగ్గర 16 రెమ్ అంటే 256 పిక్సెళ్లు, అది 320 తెరలో అంచు ఖాళీలతో సహా పడుతుంది. ఎన్ని కార్డులు పక్కపక్కన పట్టాలో బ్రౌజరే తేల్చుకుంటుంది. హెడర్‌కు వీడబ్ల్యూ కొలత తీసేయగానే బాడీ మీది ఓవర్‌ఫ్లో హిడెన్ కూడా అక్కర్లేకపోయింది. మీడియా క్వెరీల్లో చివరికి మిగిలింది ఒక్కటి, వెడల్పైన తెర మీద ఫారం గడులను పక్కపక్కన పెట్టేది. ‘ఎన్ని పెట్టాలి’ అన్న ప్రశ్న ఆమె మళ్లీ ఎత్తలేదు.

కీబోర్డు పరీక్షలో మాత్రం ఆమె మొదట పట్టుకున్న దారి వేరు. ట్యాబ్ కీకి అందేలా డివ్‌లన్నిటికీ ట్యాబ్‌ఇండెక్స్ 0 పెట్టారు. ఫోకస్ వచ్చింది, ఎంటర్ పనిచేయలేదు. కీ నొక్కగానే నడిచే కీడౌన్ హ్యాండ్లర్ రాసి ఎంటర్ పనిచేయించారు. అప్పుడు స్పేస్ నొక్కితే పేజీ కిందికి జరిగింది. “ఇంకా ఏమేం చేర్చాలి?” అని అడిగేసరికి, డివ్ ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. “బటన్ ట్యాగ్ వాడితే అక్షరాలు వేరే ఫాంట్‌లో వస్తున్నాయి, చుట్టూ ఆ అంచు పోవట్లేదు.”

కారణం ఇంత చిన్నది. కానీ అడగకపోతే తెలిసేది కాదు. బటన్లు చుట్టూ ఉన్న ఫాంట్‌ను తమంతట తాము తీసుకోవు. ఫాంట్ ఇన్‌హెరిట్, బోర్డర్ నన్, నేపథ్యం మన రంగు పెడితే ఆమె కోరుకున్న రూపమే వస్తుంది. ఫోకసూ ఎంటరూ స్పేసూ బ్రౌజరే ఇస్తుంది, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని బటన్ అనే చదువుతుంది. ఆమె రాసిన కీడౌన్ కోడ్ అంతా తీసేయొచ్చు. ఆ శ్రమ వృథా అయిందని నేననుకోను. బటన్ ట్యాగ్ ఊరికే ఇస్తున్నదేమిటో చేత్తో కట్టి చూసిన మనిషి మళ్లీ డివ్‌తో బటన్ చేయరు.

మార్చగానే ఇంకో సమస్య వచ్చింది. ఫారంలో గడులు ఖాళీచేసే ‘క్లియర్’ నొక్కితే పేజీ మొత్తం రీలోడ్ అవుతోంది. ఫారం లోపలి బటన్‌కు టైప్ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని ఫారం పంపే సబ్మిట్ బటన్‌గా తీసుకుంటుంది. టైప్ బటన్ అని పెట్టారు. ఆ సందర్భంగానే పుస్తకం చేర్చడాన్ని క్లిక్ నుంచి ఫారం సబ్మిట్ ఈవెంట్‌కు మార్చి, పేజీ రీలోడ్ కాకుండా ప్రివెంట్‌డిఫాల్ట్ రాయమన్నాను. అప్పటినుంచి పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే పుస్తకం చేరుతోంది, తప్పక నింపాలని రిక్వైర్డ్ పెట్టిన గడి ఖాళీగా ఉంటే బ్రౌజరే అడుగుతోంది.

ఒకచోట ఆమె ఒప్పుకోలేదు. ఫోకస్ అవుట్‌లైన్ (ఫోకస్ ఉన్నదాని చుట్టూ వచ్చే గీత) తీసేశారు, అది డిజైన్‌ను పాడుచేస్తోందన్నారు. అవుట్‌లైన్ లేకుండా కీబోర్డుతో పేజీ అంతా తిరిగి రమ్మన్నాను. వచ్చాక, మౌస్‌తో నొక్కినప్పుడు బటన్ల చుట్టూ గీత కనిపించకూడదన్నదే తన పట్టు అని చెప్పారు. ఆ కోరిక న్యాయమైనదే. సీఎస్ఎస్‌లో ఫోకస్-విజిబుల్ ఉన్నది దానికే. కీబోర్డుతో వచ్చినప్పుడు తన డిజైన్‌లోని ముదురు నీలంతోనే మందపాటి గీత వచ్చేలా పెట్టుకున్నారు.

లేబుళ్లూ కాంట్రాస్టూ పెద్ద చర్చ లేకుండా అయిపోయాయి. బూడిద రంగును #767676కు మార్చారు, నిష్పత్తి 4.54కు వచ్చింది.

ఇంకా తేలనిది

రెండో వెర్షన్‌తో పాటు ఒక కొత్త ప్రశ్న వచ్చింది. నేనిచ్చిన పరిస్థితుల్లో ఇది లేదు. “పదో కార్డు దగ్గర ‘తొలగించు’ నొక్కితే ఫోకస్ పోతోంది. మళ్లీ పైనుంచి ట్యాబ్ కొట్టుకుంటూ రావాలి. మౌస్‌తో అయితే ఈ బాధ లేదు. ఇది నా తప్పా, బ్రౌజర్‌దా?”

ఎవరి తప్పూ కాదు. ఇది నేను మెచ్చుకున్న రెండర్ పద్ధతితో పాటు వచ్చే ఖర్చు. ప్రతిసారీ జాబితా మొత్తం చెరిపి మళ్లీ గీస్తే, ఫోకస్‌లో ఉన్న బటన్ కూడా పోయి దాని స్థానంలో కొత్తది వస్తుంది. బ్రౌజర్‌కు ఆ రెండూ ఒకటేనని తెలియదు. రెండు దారులు చెప్పాను. గీయడం అయ్యాక తర్వాతి కార్డు మీది బటన్‌కు, కార్డులేవీ మిగలకపోతే జాబితా శీర్షికకు ఫోకస్ ఇవ్వడం ఒకటి. మారిన కార్డును మాత్రమే తీసి, మిగతావాటి జోలికి పోకపోవడం రెండోది. మొదటిది ఈ ప్రాజెక్టుకు చాలు. రెండోది చేతితో రాస్తే, ఫ్రేమ్‌వర్కులు లోపల ఏ పని చేయడానికి పుట్టాయో తెలుస్తుంది.

ఆమె రెండోది ఎంచుకున్నారు. ప్రస్తుతం ‘తొలగించు’ సరిగ్గా పనిచేస్తోంది. ‘పూర్తయింది’ నొక్కినప్పుడు వడపోతలో ఉన్న కార్డు మాయమైతే ఫోకస్ ఎక్కడికి వెళ్లాలన్న దాని మీద ఇద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నాం.